ఘడీఘర్ మూడో అంతస్తు

జుగ్సలాయ్, టాటానగర్
2 ఫిబ్రవరి 2025, ఆదివారం

అమ్మా శ్రీదేవీ! ఇల్లు అమ్ముడైపోయింది!

ఆ మాట ముందు రాసేస్తే గాని చెయ్యి కుదురుగా ఉండేటట్టు లేదు. ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకుని, మంచినీళ్ళు తాగి, మొదటి నుంచి రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ముప్ఫై ఆరేళ్ళు రోలింగ్ మిల్లులో నలిగిన చెవులమ్మా ఇవి. ఫోనులో నువ్వొకటి అడిగితే నేనొకటి చెప్తాను, అల్లుడు నవ్వుతాడు. ఇంత పెద్ద సంగతిని నవ్వులపాలు కానివ్వను.

ఈ మధ్యాహ్నం మన బజారు దలాలు పింటూ ఒక పార్టీని తీసుకొచ్చాడు. ఇది ఇరవై మూడో పార్టీ. గోడ మీద సుద్దతో గీతలు పెడుతున్నాను కాబట్టి తప్పు పోదు. ముందు వచ్చిన ఇరవై రెండు మందీ ఏమన్నారో నీకు తెలిసిందే. ఒకడు లిఫ్టు లేదన్నాడు. ఒకావిడ గుండ్రటి గోడకి బీరువా ఎలా ఆనిస్తాం అంది. మరొకడు, ఆదిత్యపూర్‌లో కొత్త ఫ్లాటు కొంటే వంటింటి అలమరాలు ఉచితంగా ఇస్తున్నారు, మీరేమిస్తారు అన్నాడు. గడియారం ఇస్తాను బాబూ అన్నాను. వాడు మెట్లు దిగిపోయాడు. ఆ కొత్త మేడల్లోనే సగం కిటికీల్లో దీపం లేదట, కొనే నాథుడు లేక. ఇలాంటి రోజుల్లో, బజారంతా ఘడీఘర్ అని పిలిచే తొంభై ఏళ్ళ మేడ, వీధిలోకి గడియారం ముఖం, మన హాల్లోకి దాని కడుపు! ఎవడికి కావాలి?

వచ్చిన ప్రతివాడూ గడప దాటకముందే అడిగేది ఒక్కటే: ‘యే ఆవాజ్ దిన్-రాత్ ఆతీ హై క్యా?’ ఈ చప్పుడు రాత్రీ పగలూ ఉంటుందా అని. నాకా చప్పుడు చెవికి అందదు. గోడ మీద అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది, అంతే. అందుకే నువ్వు చెప్పిన ఉపాయం చేశాను. పార్టీ ఉన్న అరగంటా లోలకం పట్టుకుని ఆపేశాను. మనసొప్పలేదు తల్లీ. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ గడియారాన్ని చేజేతులా ఆపింది చావుకే. ఈ మేడలో ఎవరు పోయినా, పాడె వీధి మలుపు తిరిగేదాకా గడియారం నడవకూడదని పాత యజమాని నాకు అప్పజెప్పిన ఆచారం. పోయిన వానల్లో రెండో అంతస్తు మాస్టారికి ఆపాను. ఈరోజు అరగంటే కదా, ఎవరైనా అడిగితే నూనె వేస్తున్నానని చెప్దామనుకున్నాను.

వచ్చినాయన పేరు అశోక్, రైలింజను నడుపుతాడు. వచ్చే ఏడు రిటైరు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. భార్య పేరు రీనా. ఆ అమ్మాయి గది గదీ చూసి, హాల్లో కూర్చుని, మీ అమ్మ ఇచ్చిన టీ తాగి ఏమందో తెలుసా? ‘బహుత్ శాంత్ ఘర్ హై.’ ఎంత నిశ్శబ్దమైన ఇల్లో అని! ఆయన కూడా తలూపాడు. రెండు బిస్కెట్లు తిన్నాడు. రెండు రోజుల్లో చెప్తామన్నారు. ఇంక చెప్పడానికి ఏముంది? అయిపోయింది!

ఏడు నెలలైంది మీ అమ్మ కాలు నేల మీద పెట్టి. యాభై ఎనిమిది మెట్లు, ఆ మోకాళ్ళతో దిగలేదు. పర్సుడీహ్‌లో మీ పెద్దమ్మ పక్కిల్లు ఒకే ఒక్క మెట్టు. ఆ ఇంటాయన ఈ నెలాఖరు దాకా మన కోసం ఆగుతానన్నాడు. ఇంక దర్జాగా దిగుతుంది. అయితే మీ అమ్మ ఈ సంతోషానికి ఏమీ అనలేదు. గ్లాసులు కడుగుతూ కూర్చుంది.

నేల మీద కాళ్ళు ఆనని మీ నాన్న,
అసిరయ్య

*

విజయనగరం
7 ఫిబ్రవరి 2025

నాన్నా,

నీ ఉత్తరం చూసి బ్యాంకులో గట్టిగా అరిచాను. పింఛను కోసం వచ్చిన పెద్దాయన పాపం అదిరిపడ్డాడు. మీ అల్లుడు నాగేంద్రబాబు అప్పుడే వాళ్ళమ్మకి చెప్పేశాడు, ఆవిడ వీధి మొత్తానికి చెప్పేసింది.

తరువాత ఉత్తరం రెండోసారి చదివాను. బయానా ఇచ్చారా? కాగితం మీద ఏమన్నా రాసుకున్నారా? నాన్నా, రెండు బిస్కెట్లు తింటే అగ్రిమెంటు అయినట్టు కాదు. అసలు గడియారం నడుస్తుందని వాళ్ళకి చెప్పావా? చెప్పకపోతే పింటూ చేత చెప్పించు. ఆపమన్నది చప్పుడు విని బెదిరిపోకుండా ఉండాలనే గాని, దాచి అమ్మడానికి కాదు.

ఇంకొకటి. అమ్మ ఏమీ అనలేదని రాశావు. అమ్మ మాట్లాడకపోవడం ఎప్పుడైనా చూశామా మనం? ఆ ఇల్లు వదలడం ఇష్టం లేదేమో. ఉంటే బలవంతం చెయ్యకు. ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క దాటెయ్యకుండా చదువు.

చిన్నది నేహ అడుగుతోంది, తాతయ్య గడియారాన్ని కూడా అమ్మేస్తాడా అని. దానికి జవాబు నువ్వే రాయి.

నీ శ్రీదేవి

*

జుగ్సలాయ్
12 ఫిబ్రవరి 2025

శ్రీదేవి తల్లికి,

సుద్దగీత చెరపలేదు, ఇరవై మూడో గీత కూడా అలాగే ఉండిపోయింది. పింటూ వచ్చి చెప్పాడు, పార్టీ వద్దందట. ఎందుకురా అంటే ‘చాచా, బోలే ఘర్ బహుత్ శాంత్ హై’ అన్నాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉందని ఎవరైనా వదులుకుంటారా? ఇల్లు నచ్చలేదని మర్యాదగా చెప్పడం, అంతే. ఇంజను నడిపేవాళ్ళకి కూడా మర్యాదలు నేర్పుతున్నారు. గడియారం సంగతి చెప్పే దాకా రానేలేదు. నువ్వన్నట్టు నేను తొందరపడ్డాను. మీ అత్తగారి వీధిలో నా మాట పోయింది.

నీ ముక్క దాటెయ్యకుండానే చదివాను. మీ అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, ‘నాకేటి తెల్దు. తండ్రీ కూతుళ్ళు మీరే మాటాడుకోండి’ అని అటు తిరిగిపోయింది. నువ్వు ఊహించిందే నిజమనిపిస్తోంది. గడియారం మీద బెంగ.

బెంగ నాకు లేదా? తొంభై నాలుగులో అందరూ ప్లాట్లు కొనుక్కుంటుంటే నేను ఈ ఇల్లు కొన్నాను. అప్పటికి గడియారం పదకొండేళ్ళుగా ఆగి ఉంది కాబట్టే నాకు దొరికింది. డ్యూటీ దిగి వచ్చి, పళ్ళచక్రం తరువాత పళ్ళచక్రం విప్పి, కిరసనాయిలులో కడిగి, అరిగినవి మళ్ళీ చేసి, ఎనిమిది నెలలకి నడిపించాను. నువ్వు మొదటి గంట విని పలక పారేసి పరుగెత్తావు, గుర్తుందా? అప్పటి నుంచి సోమవారం సోమవారం కీ ఇవ్వడం మానలేదు. కింద ఆటోల వాళ్ళు, టీ కొట్టు, షిఫ్టుకి పోయేవాళ్ళు అందరూ దాన్ని చూసే కదులుతారు. అయినా మీ అమ్మ కాళ్ళ ముందు గడియారం ఎంత? మనసు గట్టి చేసుకున్నాను.

ఇరవై మూడో తేదీ ఆదివారం ఇంకొక పార్టీ వస్తోంది, కాంట్రాక్టరు. ముందు రోజే వచ్చి టీ కొట్టులో కూర్చుని, ఇంటి మంచీ చెడూ ఆరా తీసే రకమట. ఏం చెయ్యమంటావు?

మీ నాన్న

*

విజయనగరం
17 ఫిబ్రవరి 2025

నాన్నా,

మాట పోవడమేమిటి! మా అత్తగారే నీకు ధైర్యం చెప్పమన్నారు. ఇళ్ళు కదలని కాలమిది. మా బ్రాంచిలోనే ఇంటి అప్పు కోసం వచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్క.

ఆ కాంట్రాక్టరు ముందు రోజే వచ్చి కింద కూర్చుంటాడంటే గంటలు వింటాడు, బెదురుతాడు. కాబట్టి శనివారం సాయంత్రం నుంచే ఆపెయ్. ఒక్క రాత్రే కదా. పొద్దున్న ఆయన పైకి వచ్చి కూర్చున్నాక నువ్వే నడిపించి, ఇది నా చేత్తో బాగుచేసిన గడియారం అని గొప్పగా చెప్పు. చూసి ఇష్టపడితే సరే, లేకపోతే లేదు.

అమ్మకి గడియారం మీద బెంగ అని తెలిసి నాకు నిద్ర పట్టలేదు. అమ్మతో చెప్పు: ఇల్లు అమ్మకపోయినా పరవాలేదు, నేను శెలవు పెట్టి వచ్చి కింద ఎక్కడైనా అద్దె ఇల్లు చూస్తాను. ఏడిపించి దింపొద్దు.

నీ శ్రీదేవి

*

జుగ్సలాయ్
24 ఫిబ్రవరి 2025, సోమవారం

తల్లీ, ఈసారి బిస్కెట్లు కాదు! కాగితం! సంతకాలు! అమ్ముడైంది!

జేబులో కాగితం ఉంది, మడత విప్పి చూసుకుంటూ రాస్తున్నాను. నువ్వు చెప్పినట్టే శనివారం ఆరింటికి ఆపేశాను. చావుకి తప్ప రాత్రంతా ఈ గడియారం ఆగదన్న సంగతి, ఈ ఇంట్లోనే పెరిగిన నీకూ గుర్తు రాలేదు, ఆపే చెయ్యి ఉన్న నాకూ గుర్తు రాలేదు!

నిన్న పొద్దున్న ఏడింటికి, నాకే వినబడేటంత గట్టిగా తలుపు బాదారు. తీశాను. మెట్ల మీద జనం, కింది అంతస్తు దాకా. అందరికంటే ముందు ఆటోస్టాండు అమర్, మన పర్సుడీహ్ తెలుగుల పిల్లాడే, చేతిలో ఇంత బంతిపూల దండ. వెనక ఇద్దరి భుజాల మీద వెదురుబొంగులు. టీ కొట్టాయన చేతిలో అగరొత్తులు. అమర్ నన్ను చూశాడు, దండ వైపు చూసుకున్నాడు.

‘చాచా! ఆప్ జిందా హైఁ?’

‘బతికే ఉన్నానురా!’

‘తో... చాచీ?’ అని మెల్లగా తల వంచాడు. అందరూ తలలు వంచారు.

లోపలి నుంచి మీ అమ్మ గొంతు: ‘నాను కూడా బతికే ఉన్నాను! ఆ దండ ఎవుల కోసం తెచ్చినారో ఆలకే ఎయ్యండి!’

ఇంక చూడు తల్లీ! ఏడవడానికి వచ్చినవాళ్ళు తిట్టడం మొదలెట్టారు. ‘రాత్రి షిఫ్టు వాళ్ళు నలుగురు ఆలస్యం!’ అని ఒకరు. ‘మేము తెల్లవార్లూ తిరిగి ఎదుళ్ళు తెచ్చేం, తవఁరు టీ తాగుతన్నారా?’ అని ఇంకొకరు. అమర్‌కి కోపంలో తెలుగు వచ్చేసింది. ‘ఏటి తాతా, పేణాలు తీసేసినావు! ముందు గడియారం నడుపు, తరవాత మాటాడు!’

ఈ గొడవ మధ్యలో కాంట్రాక్టరు వచ్చాడట. మెట్ల కింద వెదుళ్ళు చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని పోయాడట. పోనీ.

పింటూ సంగతి విను. నేను పోయానని రాత్రే అశోక్ బాబుకి ఫోన్ చేశాడు. పరామర్శకని ఆ భార్యాభర్తలు పొద్దున్నే వచ్చారు. రీనా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఒక్క గ్లాసు టీ తాగినందుకు తల్లీ! నన్ను చూసి చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో.

అప్పుడు లోలకం కదిపాను. గోడకి అరచెయ్యి ఆనించాను. ముళ్ళు సరిచేశాను. ఎనిమిది కొట్టింది. గంటలు అయిపోయాక చూస్తే, రీనా మన గుండ్రటి గోడకి వీపు ఆనించి, నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయింది! అంత జనంలో, కూర్చుని! అశోక్ బాబు నోటి మీద వేలు పెట్టుకుని అందరినీ ఊరుకోమన్నాడు. నాతో వీధిలోకి వచ్చి చెప్పాడు. ఇరవై రెండేళ్ళు వాళ్ళ క్వార్టరు రైల్వే యార్డు పక్కనే. రాత్రంతా ఇంజన్లు, డబ్బాలు గుద్దుకునే చప్పుడు. తమ్ముడి కొత్త ఫ్లాటులో మూడు రోజులుంటే ఆవిడకి మూడు రాత్రులూ కునుకు లేదట. ఆ రోజు మన ఇంట్లో కూర్చుంటే శ్మశానంలా అనిపించి లేచిపోయారట! ‘చాచా, చల్తీ ఘడీ క్యోఁ ఛిపాయీ?’ అన్నాడు, నడిచే గడియారాన్ని ఎందుకు దాచావని. నేనేం చెప్పను? మా అమ్మాయి బ్యాంకు ఆఫీసరు, ఆవిడ సలహా అన్నాను. కోపగించుకోకు.

రీనా లేచేసరికి మీ అమ్మ మంచం దగ్గర నుంచి డేక్కుంటూ వచ్చి ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఉంది. అప్పుడు బయటపెట్టింది. ‘నాకు గడియారం మీద బెంగ నేదు, ఏటీ నేదు. ఆ సప్పుడు ఇంటే గాని కన్ను మూతపడదు. రాత్రి ఇల్లు ఊపిరి తీత్తం మానేసినట్టుంది. పర్సుడీహ్ ఎల్తే ఎలా పడుకుంతానో అని భయం. సెప్తే మీరు ఇల్లు అమ్మరు, మెట్లు దిగనియ్యరు. అందుకే నోరు మూసుకున్నాను’ అంది. ఇన్నాళ్ళూ నువ్వొక కథ, నేనొక కథ అల్లుకున్నాం. నిజం ఇది! ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ ఇద్దరు ఆడవాళ్ళూ చేతులు పట్టుకుని కూర్చున్నారు.

కాగితం అక్కడే రాసుకున్నాం. సాక్షి సంతకాలకి జనం కొదవా? అమర్ పెట్టాడు, టీ కొట్టాయన పెట్టాడు. ఆయన అగరొత్తులు తెచ్చినందుకు ఇదీ నా హక్కే అన్నాడు. దండ వృథా పోలేదు, గడియారానికి వేశారు. పర్సుడీహ్ ఇంటాయనకి ఈ పూటే కబురు పంపాను.

ఇరవై మూడో గీత చుట్టూ సున్నా చుట్టిన మీ నాన్న,
అసిరయ్య

*

విజయనగరం
1 మార్చి 2025

నాన్నా,

సలహా నాదే, తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కాని నాకు జరిగింది కూడా విను. ఆదివారం పొద్దున్న టెక్కలి నుంచి గురయ్య మావయ్య ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చాడు, ‘మీ నాన్న ఇక లేడమ్మా’ అని. అమర్ వాళ్ళ అమ్మ అక్కడెవరికో చెప్పిందట. నేను చెప్పుల్లేకుండా స్టేషనుకి పరుగెత్తాను. ఆటోలో ఎన్నిసార్లు చేసినా అమ్మ ఫోన్ ఎత్తలేదు. చివరికి ఎత్తి, ‘మీ నాన్నా? గోడకి సెయ్యి ఆనించి నవ్వుతన్నాడు’ అని పెట్టేసింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చాను, నవ్వాను. పల్లీలు అమ్మే ఆవిడ నీళ్ళిచ్చింది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఇల్లు అమ్మాం, సరే. అమ్మకి అక్కడ నిద్ర పడుతుందా? మీ అల్లుడు ఒక గోడ గడియారం కొని పంపుతానంటున్నాడు. అది సరిపోతుందా నాన్నా? పట్టకపోతే మనం గెలిచినట్టా?

నీ శ్రీదేవి

*

పర్సుడీహ్
17 మార్చి 2025, సోమవారం

అమ్మా శ్రీదేవీ,

పైన ఊరి పేరు చూశావా? పర్సుడీహ్! రిజిస్ట్రీ అయిపోయింది, మొన్న శనివారం దిగిపోయాం.

మీ అమ్మ ఎలా దిగిందో రాయకపోతే ఈ ఉత్తరం దండగ. పెద్ద చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. పాడె కట్టడానికి తెచ్చిన ఆ రెండు వెదుళ్ళే కుర్చీకి కట్టారు! ‘మంచి ఎదుళ్ళు తాతా, వేస్టు ఎందుకు’ అన్నాడు అమర్. నలుగురు మోశారు. మీ అమ్మ ఒక చేత్తో కుర్చీ, ఒక చేత్తో పోపుల డబ్బా పట్టుకుని, ‘మెల్లగరా నాయనా, ఉత్సవ విగ్రహం అనుకుంతన్నారేటి’ అని తిడుతూనే ఉంది. రెండో అంతస్తులో మాస్టారి కూతురు స్మిత హారతి ఇచ్చింది. కింద బజారంతా నిలబడింది. మీ అమ్మ కుర్చీలోంచి పాదం చాపి వీధి నేల మీద పెట్టింది. ఎనిమిది నెలల తరువాత. ఏమీ అనదేం అని వంగి చూశాను. ‘సల్లగుంది’ అంది. సరిగ్గా అప్పుడే పైన గడియారం పదకొండు కొట్టింది. జనమంతా చప్పట్లు. నేను తల పైకెత్తి చూడలేదు తల్లీ. చూస్తే ఏడుస్తానని.

ఇంక నువ్వడిగింది. అల్లుడు పంపిన గడియారం గోడకి పెట్టాను, చాలా అందంగా ఉంది. మీ అమ్మ దానివైపు చూసి, ‘ఇది దోమ’ అంది. అల్లుడికి చెప్పకు. పడుకున్నాక అటూ ఇటూ దొర్లింది. నేను భయపడ్డాను, ఇంత చేసి ఓడిపోయామా అని. అంతలో మంచం కోళ్ళు కదిలాయి. ఇంటి వెనక చింతచెట్ల అవతల పట్టాలు ఉన్నాయి, పగలు చూశాను గాని పట్టించుకోలేదు. గూడ్సు! బొగ్గు డబ్బాలు, ఎన్నో తెలియదు, గోడ మీద చెయ్యి పెడితే ఘడీఘర్ లాగే కొట్టుకుంది. అది పోయి ఇంకొకటి వచ్చింది. తిరిగి చూస్తే మీ అమ్మ నోరు తెరిచి నిద్రపోతోంది. పొద్దున్న ఎనిమిదింటికి లేచింది. మీ పెద్దమ్మ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది, ఊపిరి ఉందా అని.

ఈరోజు సోమవారం. పొద్దున్న లేవగానే చెయ్యి తనంతట అదే కీ కోసం వెతికింది. ఖాళీగా ఉండిపోయింది. కీ ఇవ్వడం అశోక్ బాబుకి నేర్పాను, ఎన్ని చుట్లో, ఎక్కడ ఆపాలో. ఆయన అన్నాడు, ‘చాచా, మీ ఇంటి వెనక మలుపులో మాకు ఎలాగూ హారన్ కొట్టాలని రూలు. సోమవారం నా బండి అటే వస్తుంది. హారన్ వినబడితే గడియారానికి కీ ఇచ్చేశానని అర్థం చేసుకోండి’ అని. హారన్ నాకేం వినబడుతుంది! వరండాలో కూర్చుని ఉంటే మీ అమ్మ వచ్చి నా అరచేతిలో రెండుసార్లు తట్టింది. ‘కొట్టాడు’ అంది. చెయ్యి ఖాళీ కాదు తల్లీ ఇంక.

నేహకి చెప్పు, తాతయ్య గడియారాన్ని అమ్మలేదు, చూసుకునేవాళ్ళకి అప్పజెప్పాడని.

మనం గెలిచినట్టే, రూఢిగా.
మీ నాన్న, అసిరయ్య

ఎవరెవరికి చెప్పాలో కింద రాస్తున్నాను, ఒక్కరిని కూడా వదలొద్దు:

టెక్కలి గురయ్య మావయ్య. ముందు నేను ఇంకా బతికే ఉన్నానని మళ్ళీ ఒకసారి చెప్పు, ఊపిరి తీసుకోనిచ్చి తరువాత ఇల్లు సంగతి చెప్పు.

పలాస వసంతలక్ష్మి పిన్ని. కబురు అబద్ధమని ఆవిడకి ఎవరూ చెప్పలేదట, మైల స్నానం చేసి ఇంకా ఉప్పు మానేసే ఉందట. తినమను. నా పేరు చెప్పి చేపల పులుసు వండుకోమను.

ఖరగ్‌పూర్ చిన్నాన్న. ‘ఆ గంటల కొంపని ఎవడు కొంటాడు’ అన్నది ఆయనే. ఆయనకి రెండుసార్లు చెప్పు.

మీ అత్తగారు. ఆవిడ వీధిలో నా మాట నిలబడిందని చెప్పు, తక్కినది ఆవిడే చూసుకుంటుంది.

నాగేంద్రబాబు. గడియారం చాలా బాగుందని చెప్పు.

పెద్దమ్మకి చెప్పక్కర్లేదు, ఇక్కడే కూర్చుని నేను రాసేది చూస్తోంది.

మీ అమ్మకి ఈ ఉత్తరం ఇంకా చదివి వినిపించలేదు. భోజనం చేసి నడుం వాల్చింది. వెనక గూడ్సు పోతోంది. నిద్రపోతోంది, లేపను.